క్యారీ గ్రాంట్, బర్ట్ లాంకాస్టర్: వయసు మళ్లాక ఎవరి దారి మేలు?

1966లో హాలీవుడ్ హీరో క్యారీ గ్రాంట్ సినిమాలు మానేశాడు. అప్పటికి ఆయనకు 62 ఏళ్లు. వేషాలు రాక మానలేదు. మూడేళ్ల ముందు 'షరేడ్'లో తనకంటే 25 ఏళ్లు చిన్నదైన ఆడ్రీ హెప్‌బర్న్ పక్కన నటించడానికి ఇబ్బంది పడి, తను ఆమె వెంట పడకుండా ఆమే తన వెంట పడేలా కథలో మార్పు చేయించుకున్నాడు. టోక్యో ఒలింపిక్స్ రోజుల్లో జరిగే ఆఖరి సినిమాలో ప్రేమకథను కుర్ర జంటకు వదిలేసి, వాళ్లను కలిపే పెద్దమనిషిగా కనిపించాడు. ఆ ఏడాదే కూతురు పుట్టింది. ఆ పాపే లోకమైపోయింది. తర్వాత ఫాబెర్జే అనే సౌందర్య సాధనాల కంపెనీలో డైరెక్టర్ పదవి, 1970లో గౌరవ ఆస్కార్. 1986లో చనిపోయేదాకా మళ్లీ సినిమాలో ఒక్క వేషం వేయలేదు.

అందుకే గ్రాంట్ అనగానే నలగని సూటు, చెదరని నవ్వే గుర్తొస్తాయి. లేటు వయసులో దొరికిన బిడ్డ కోసం తెరను వదులుకోవడం నాకు చాలా నచ్చిన విషయం. తండ్రిగా ఆయన నిర్ణయానికి వంక పెట్టలేను.

కానీ నటుడిగా చూస్తే నా ఓటు మరో హాలీవుడ్ హీరో బర్ట్ లాంకాస్టర్‌కే.

ఈయన సర్కస్ నుంచి వచ్చినవాడు. ఒంటి బలం, చురుకే పెట్టుబడి. అలాంటివాడికి ముసలితనం ఇంకా పెద్ద దెబ్బ కావాలి. 1980లో వచ్చిన 'అట్లాంటిక్ సిటీ' చూడండి. అందులో లాంకాస్టర్ వేసిన లూ ఒకప్పుడు పెద్ద పెద్ద గూండాలతో తిరిగానని గొప్పలు చెప్పుకునే చిల్లర మనిషి. ఎదుటి కిటికీలో నటి సుసాన్ సరాండన్ చేతులకు నిమ్మకాయ రుద్దుకుంటుంటే చీకట్లో నిలబడి చూస్తుంటాడు. రౌడీలు ఆమె మీద చేయి చేసుకున్నప్పుడు కొయ్యబారిపోతాడు. ఒకప్పుడు తెర మీద ఎగిరి దూకిన మనిషి అలా నిస్సహాయంగా నిలబడటం చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఆ పాత్రకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. అవార్డు మాత్రం 76 ఏళ్ల హెన్రీ ఫోండాకు దక్కింది. గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ పెద్దవయసువాళ్లే కావడం నాకెంతో ఇష్టం.

ఈ దారి సుఖమైనదేం కాదు. 1983లో లాంకాస్టర్‌కు గుండె బైపాస్ జరిగింది. ఆరోగ్యం బాగోలేదని, ఇన్సూరెన్స్ ఖర్చు ఎక్కువవుతుందని 'ఓల్డ్ గ్రింగో' సినిమా నుంచి తీసేసి ఆ వేషం గ్రెగరీ పెక్‌కు ఇచ్చారు. గ్రాంట్‌కు ఇలాంటి అవమానం ఎదురుకాలేదు. ముందే తప్పుకుంటే దక్కే మర్యాద అది.

అయినా లాంకాస్టర్ ఆగలేదు. 1989లో 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్'లో డాక్టర్ గ్రాహమ్‌గా చేశాడు. వెండితెర మీద అదే ఆయన చివరి సినిమా. ఆ కథలో ఒక మాయ బేస్‌బాల్ మైదానంలో గ్రాహమ్ మళ్లీ కుర్రవాడై ఆడతాడు. ఊపిరాడక కొట్టుకుంటున్న పాపను కాపాడటానికి ఆ కుర్ర గ్రాహమ్ మైదానం గీత దాటుతాడు. దాటిన అడుగులోనే ముసలి లాంకాస్టర్ అయిపోతాడు. మళ్లీ కుర్రవాడు కాలేనని తెలుసు. పాపను బతికించి, నవ్వుతూ మొక్కజొన్న చేలోకి నడిచి వెళ్లిపోతాడు.