వెల్లింగ్టన్‌లో 'హీ టోహు': మహిళల ఓటుహక్కు అర్జీని చూడదగిన చోటు

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో, పార్లమెంటుకు దగ్గరలోనే ఉన్న జాతీయ గ్రంథాలయంలోని 'హీ టోహు' ప్రదర్శనకు ప్రవేశ రుసుము లేదు. అక్కడున్న మూడు చారిత్రక పత్రాలలో ఎక్కువసేపు చూడవలసింది 1893 నాటి మహిళల ఓటుహక్కు అర్జీయే. దేశం నలుమూలల నుంచి వచ్చిన సంతకాల కాగితాలను ఉద్యమ నాయకురాలు కేట్ షెపర్డ్ క్రైస్ట్‌చర్చ్‌లోని తన ఇంట్లో ఒకదానికొకటి అంటించి, చీపురు కర్ర ముక్కకు చుట్టి పంపగా, పార్లమెంటు సభ్యుడు సర్ జాన్ హాల్ ఆ చుట్టను సభలో నేలమీద దొర్లించి విప్పారట. దాని పొడవు సుమారు 270 మీటర్లు. ఇతర అర్జీలతో కలిపితే సంతకాలు దాదాపు 32,000. స్త్రీలకు ఓటు వస్తే మద్యనిషేధం వస్తుందని భయపడిన మద్యం వ్యాపారులు ఎంత అడ్డుపడినా, ఎగువ సభలో 20–18 ఓట్లతో గట్టెక్కిన మహిళల ఓటుహక్కు బిల్లు అదే ఏడాది సెప్టెంబరు 19న చట్టమైంది.

కాగితం పాడవకుండా గదిలో వెలుతురును బాగా తగ్గించారు కనుక, కళ్లు అలవాటుపడేదాకా కొంత ఓపిక పట్టాలి. చుట్టలో తెరిచి ఉంచింది కొంత భాగమే అయినా, వరుసగా చేసిన ఆ సిరా సంతకాలను చూడడానికి అది చాలు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1921లో గానీ, అదీ ఆస్తి వంటి అర్హతలున్న స్త్రీలకే గానీ ఓటు దక్కలేదని తెలిసిన తెలుగువారికి 1893 అన్న సంవత్సరం మరింత ఆశ్చర్యం కలిగిస్తుంది. పార్లమెంటు భవనాన్ని కూడా కలుపుకొని ఒక పూట కేటాయించుకుంటే మేలు.