మిచోవకాన్ కొండల్లో మోనార్క్ సీతాకోకచిలుకలు: ఏ కొండకు వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి

అమెరికా, కెనడాల నుంచి మెక్సికోకు వలస వచ్చే మోనార్క్ సీతాకోకచిలుకల శీతాకాలపు విడిదిని చూడాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఏ కొండ ఎక్కాలన్నది. మిచోవకాన్ రాష్ట్రానికి, దేశం పేరే ఉన్న మెక్సికో రాష్ట్రానికి మధ్య సరిహద్దులో 56,259 హెక్టార్ల మేర పరచుకున్న ఈ రక్షిత అడవి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. సందర్శకులను అనుమతించే కొండలు అందులో కొన్ని మాత్రమే ఉన్నాయి. అవి సాధారణంగా నవంబరు చివరి నుంచి మార్చి వరకు తెరిచి ఉంటాయి. మేము ఫిబ్రవరిని ఎంచుకున్నాం. డిసెంబరులో చలికి గుత్తులుగా ముడుచుకుని ఉండే సీతాకోకచిలుకలు ఫిబ్రవరి ఎండకు నీటి కోసం కిందికి దిగుతాయి, నెలాఖరుకు జతకట్టడం మొదలుపెడతాయి. కాబట్టి ఆ నెలలో వాటి కదలికలు బాగా కనిపిస్తాయి.

అందరూ వెళ్లేది ఎల్ రొసారియోకే. దారి పొడవునా మెట్లు, చేతిపనుల దుకాణాలు, నీలి మొక్కజొన్న రొట్టెల్లో జున్ను పెట్టి కాల్చి ఇచ్చే పాకలు ఉన్నాయి. శాకాహారులకు ఇబ్బంది లేదు. అయితే శని, ఆదివారాల్లో జనం బారులు తీరుతారు. మౌనంగా ఉండాలన్న నియమం ఎవరికీ గుర్తుండదు. సుమారు 3,000 మీటర్ల ఎత్తు కావడంతో నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. వారం మధ్యలో ఉదయాన్నే వెళ్లగలిగితేనే ఈ చోటును ఎంచుకోమంటాను.

నాకు ఎక్కువగా నచ్చింది సియెర్రా చింకువా. కొంత దూరం అద్దె గుర్రం మీద, ఆపైన గైడు వెంట నడిచి వెళ్లాలి. గైడు ఆ ఊరి ఉమ్మడి భూముల సంఘం మనిషే. మేము చేరేసరికి మబ్బు పట్టి ఉంది. ఒయామెల్ ఫర్ అనే సూదాకుల చెట్ల కొమ్మలు ఎండుటాకులు కప్పినట్టు బూడిదరంగులో వంగి ఉన్నాయి. మబ్బు తొలగి ఎండ పడగానే ఆ ఎండుటాకులన్నీ నారింజరంగు రెక్కలు విప్పాయి. అంత మౌనంలో వేల రెక్కల చప్పుడు సన్నటి వాన జల్లులా వినిపించింది. లింకన్ బ్రోవర్ అనే శాస్త్రవేత్త ఈ అడవిని వాటికి గొడుగు, దుప్పటి అని ఎందుకన్నాడో అక్కడ నిలబడితేనే బాగా అర్థమవుతుంది. దట్టమైన కొమ్మలు వానను ఆపుతాయి, రాత్రివేళ నేల వేడి ఆకాశంలోకి పోకుండా చూస్తాయి. తడిసిన సీతాకోకచిలుక, పొడిగా ఉన్నదానికంటే తక్కువ చలికే గడ్డకట్టి చనిపోతుంది. 2002 జనవరిలో వాన, ఆ వెంటనే మంచు చలి వచ్చి సియెర్రా చింకువాలోను, ఎల్ రొసారియోలోను సీతాకోకచిలుకల్లో అత్యధిక భాగాన్ని బలితీసుకున్నాయి. అంటే అడవి పలచబడిన చోట ఆ దుప్పటికి చిరుగు పడినట్టే.

గైడు నేల మీద పడి ఉన్న ఒకదాన్ని చూపించాడు. పొట్ట భాగం ఖాళీగా ఉంది, రెక్కలు చెక్కుచెదరలేదు. నల్లవీపు ఓరియోల్ అనే పిట్ట సీతాకోకచిలుక పొట్టను చీల్చి, విషం ఎక్కువగా ఉండే పైపొరను వదిలి లోపలిది తింటుందట. ఆ విషం గొంగళిపురుగు దశలో తిన్న పాలమొక్క (మిల్క్‌వీడ్) నుంచి వచ్చినది. మన జిల్లేడు కూడా ఆ కుటుంబపు మొక్కే. మోనార్క్‌కు దగ్గరి బంధువైన ప్లెయిన్ టైగర్ మన ఊళ్లలో జిల్లేడాకు తిని పెరుగుతుంది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి సెర్రో పెలోన్ తగినది. కెనడాకు చెందిన ఫ్రెడ్ ఉర్‌క్వార్ట్, నోరా దంపతులు దశాబ్దాలపాటు రెక్కలకు గుర్తుచీటీలు అంటించి ఇవి ఎక్కడికి పోతున్నాయో వెతికారు. వారి తరఫున గాలించిన కెన్ బ్రగ్గర్, కతాలినా అగ్వాదోలు 1975 జనవరిలో ఈ కొండ మీదే విడిదిని చూశారు. అయితే ఊరివాళ్లకు అది తరతరాలుగా తెలిసిన సంగతే. ఎక్కుడు నిటారుగా ఉంటుంది, జనం మాత్రం తక్కువ. కింద మచేరోస్ ఊళ్లో బస దొరుకుతుంది. మెక్సికో నగరం నుంచి ఒక్కరోజులో వెళ్లిరావాలంటే వాయె దె బ్రావో పట్టణం దగ్గరి పియెద్రా ఎర్రాదా విడిది మేలు.

మేము బస చేసినది పాత గని ఊరైన అంగన్‌గేవోలో. గదులు శుభ్రంగా ఉన్నా వేడిచేసే ఏర్పాటు లేదు. ఉన్ని దుప్పట్లు అదనంగా అడిగి తీసుకోవాలి. మెక్సికో నగరపు పశ్చిమ బస్‌స్టేషన్ నుంచి సితాక్వారో దాకా బస్సు సుఖంగా సాగింది. మేము ముందే మాట్లాడుకున్న కారు మాత్రం రెండు గంటలు ఆలస్యంగా రావడంతో ఒక ఉదయపు ఎండ పోయింది. సితాక్వారోలో టాక్సీ పట్టుకోవడమే నయం.

అక్కడ కొమ్మలకు వేలాడేవి గత వసంతంలో ఉత్తరానికి వెళ్లినవాటి మనుమలు, మునిమనుమలు. ఏ ఒక్కటీ ఈ దారిని ముందు చూసి ఉండదు. శాస్త్రవేత్త స్టీవెన్ రెపర్ట్ బృందం 2009లో వాటి మీసాలకు నల్లరంగు పూసి చూస్తే సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకోవడం తప్పింది. పొద్దు కదలికకు తగ్గట్టు దిక్కును సరిచేసే గడియారం ఆ మీసాల్లోనే ఉందని తేలింది. ఇంత నేర్పున్న జీవుల సంఖ్యను అవి ఆక్రమించిన అడవి విస్తీర్ణంతో కొలుస్తారు. 1996–97 శీతాకాలంలో అది 18 హెక్టార్లకు పైగా ఉండేది, 2013–14లో 0.67 హెక్టారుకు పడిపోయింది. అమెరికా పొలాల్లో కలుపుమందుల వల్ల పాలమొక్కలు తగ్గడం ఒక ప్రధాన కారణం, ఇక్కడి చెట్ల నరికివేత మరొకటి. వాతావరణం వేడెక్కడంతో ఒయామెల్ మొక్కలను మరింత ఎత్తున నాటి చూస్తున్న మిచోవకాన్ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త సాయెన్స్ రొమేరో ప్రయోగాల గురించి గైడును అడగండి.

గైడుకు, గుర్రం తోలేవాడికి ఇచ్చే డబ్బు విషయంలో బేరమాడవద్దని నా మనవి. చెట్టు నిలబడితేనే వారికి ఆ ఆదాయం. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేవారు మొదటి రోజు అంగన్‌గేవోలో విశ్రాంతి తీసుకుని, రెండో రోజు ఉదయం తొమ్మిదికల్లా సియెర్రా చింకువా గేటు దగ్గర ఉంటే ఎండ వచ్చేవేళకు గుత్తుల చెంతకు చేరుకోవచ్చు.