అద్దె కారుకు దెబ్బ తగిలితే: కౌంటర్ దగ్గరి పూర్తి రక్షణా, విడి ఎక్సెస్ బీమానా?

విదేశంలో కారు అద్దెకు తీసుకోబోయే వారు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒక్కటే: అద్దె సంస్థ కౌంటర్ దగ్గర అమ్మే పూర్తి రక్షణ తీసుకోవాలా, లేక బయలుదేరే ముందే విడిగా ఎక్సెస్ బీమా కొనుక్కోవాలా? ఎక్సెస్ అంటే కారుకు నష్టం జరిగితే మన జేబు నుంచి కట్టవలసిన మొత్తం. రెండూ వాడి చూశాను. నా మొగ్గు రెండోదాని వైపే అయినా, మొదటిదాన్ని తీసిపారేయలేను.

కౌంటర్ రక్షణ తీసుకుంటే ఎక్సెస్ సున్నాకు దిగుతుంది, కార్డు మీద ఆపి ఉంచే డిపాజిట్ కూడా సాధారణంగా తగ్గుతుంది, సొట్ట పడిన కారునైనా తాళంతో సహా అప్పగించి విమానం ఎక్కేయవచ్చు. అయితే దానికి రోజు లెక్కన కట్టాలి. వారం పది రోజుల ప్రయాణంలో ఆ మొత్తం ఒక్కోసారి కారు అద్దెతోనే పోటీపడుతుంది. విడి బీమా అందులో కొద్ది భాగానికే దొరుకుతుంది కానీ, నష్టం జరిగితే ముందు అద్దె సంస్థ మన కార్డు నుంచి సొమ్ము లాగేసుకుంటుంది; ఒప్పంద పత్రం, నష్ట నివేదిక, మరమ్మతు బిల్లు, చెల్లింపు రుజువు పంపి మనం దాన్ని తరువాత బీమా సంస్థ నుంచి రాబట్టుకోవాలి.

చాలామంది ఈ ధర, ఈ తిప్పల దగ్గరే లెక్క ఆపేస్తారు. నన్నడిగితే అసలు తేల్చవలసింది మినహాయింపుల జాబితా. పెద్ద ప్రమాదాలు అరుదు; గట్టుకు ఒరుసుకున్న చక్రం, రాయి తగిలి బీటలిచ్చిన అద్దం, గుంతలో చీలిన టైరు, ఇవే ఎక్కువ. మామూలు రక్షణలో సాధారణంగా చేరనివి కూడా సరిగ్గా ఈ టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగమే. ఎడమవైపు నడపడానికి అలవాటుపడిన నేను మొదటిసారి కుడివైపు నడిపినప్పుడు, కుడి పక్కన కారు ఎంత మేర ఉందో అంచనా తప్పి ఒక ఇరుకు మలుపులో చక్రాన్ని గట్టుకు రాసేశాను. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఉద్యోగి వంగి రిమ్ మీద గోరు ఆనించి, అది గీతలోకి దిగడం చూసి, మారు మాట లేకుండా ఫారం తీశాడు. నేను కొన్న "పూర్తి" రక్షణలో చక్రాలు లేవని అప్పుడు తెలిసింది. నేను ఆ తరువాత తీసుకున్న విడి బీమాలో చక్రాలు, అద్దాలు, అడుగుభాగం పేరుపేరునా ఉన్నాయి.

కొన్ని నష్టాలకు రెండూ అక్కరకు రాకపోవచ్చు. ఐస్‌లాండ్‌లో ఇసుక, బూడిద గాలికి లేచి రంగును గీకేస్తే దానికి వేరే రక్షణ అమ్ముతారు. ఏరు దాటుతూ ఇంజిన్‌లోకి నీరు పోతే మాత్రం ఖర్చు దాదాపు ఎప్పుడూ నడిపినవారిదే. తప్పు ఇంధనం సంగతీ చాలా పాలసీల్లో అంతే. ఐరోపాలో చాలాచోట్ల ఆకుపచ్చ గొట్టం పెట్రోలుది, అమెరికాలో అది తరచుగా డీజిలుది. పైగా పెట్రోలు గొట్టం సన్నం కాబట్టి డీజిలు కారులోకి సులువుగా దూరిపోతుంది. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2018 నుంచి పెట్రోలుకు వృత్తంలో E, డీజిలుకు చతురస్రంలో B అన్న ఇంగ్లీషు అక్షరాల గుర్తులు ఉంటున్నాయి. వాటిని చూసి పోసుకోవాలి, పొరపాటు జరిగితే ఇంజిన్ స్టార్ట్ చేయకూడదు. ఇటలీలో పాత నగరాల నియంత్రిత వలయంలోకి అనుమతి లేకుండా వెళితే పడే జరిమానాను ఏ బీమా కట్టదు. మన వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు అద్దె సంస్థ వేరే రుసుము కూడా వసూలు చేస్తుంది.

క్రెడిట్ కార్డుతో ఉచితంగా వచ్చే రక్షణ మూడో దారి. మీరు వెళ్లే దేశం మినహాయింపుల్లో లేకుంటే సరే. ఎదుటివారికి జరిగే నష్టం వీటన్నిటికీ బయటి సంగతి. అమెరికాలో అద్దెతో వచ్చే ఆ బీమా చాలా తక్కువ ఉండవచ్చు కనుక అక్కడ దాన్ని విడిగా చూసుకోవాలి.

విడి బీమాకు నేను పెట్టే షరతు ఒక్కటే: ఎక్సెస్ మొత్తాన్ని అద్దె సంస్థ కార్డు మీద ఆపి ఉంచినా మిగతా ప్రయాణం సాగేంత పరిమితి ఆ కార్డుకు ఉండాలి. అది లేనివారికి కౌంటర్ రక్షణే దిక్కు, కాకపోతే సంతకం పెట్టే ముందు చక్రాలు అందులో ఉన్నాయో లేదో అడగాలి.