కేబీఆర్ లోపలా, కేబీఆర్ చుట్టూనా, బొటానికల్ గార్డెన్‌లోనా: పరుగుకు ఏది మేలు?

హైదరాబాద్‌లో పరుగు మొదలుపెట్టిన వాళ్లు కొన్నాళ్లకే కాలనీ రోడ్లతో విసిగిపోతారు. మలుపు మలుపుకీ కుక్కలు, గేట్లలోంచి వెనక్కి వచ్చే కార్లు, ఎక్కడికక్కడ స్పీడ్ బ్రేకర్లు. చెట్ల మధ్య పరుగెత్తాలంటే ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. నగరానికి పడమటి వైపు ఉండేవాళ్లకు సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి: కేబీఆర్ పార్కు లోపలి బాట, అదే పార్కు చుట్టూ బయట ఉన్న వాక్‌వే, కొత్తగూడ బొటానికల్ గార్డెన్.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. వారంలో నాలుగైదు రోజులు క్రమంగా పరుగెత్తే వాళ్లకు బొటానికల్ గార్డెన్ మేలు. కేబీఆర్ బయటి వాక్‌వే లాంగ్ రన్‌కి, అంటే ఎక్కువ దూరం పరుగెత్తే రోజుకి బాగుంటుంది, మిగతా రోజులకు కాదు. కేబీఆర్ లోపలి బాట కొత్తవాళ్లకూ, దెబ్బ తగిలి కోలుకుంటున్న వాళ్లకూ సరిపోతుంది.

బయటి వాక్‌వేతో మొదలుపెడతాను, ఎక్కువమంది మొదట చేరేది అక్కడికే కాబట్టి. ఒక చుట్టు సుమారు ఐదారు కిలోమీటర్లు. దాని గొప్పతనం ఒక్కటే, కానీ అది చిన్నది కాదు. పార్కు కంచెను ఆనుకుని తిరుగుతాం కనుక చుట్టు పూర్తయ్యేదాకా సిగ్నల్ దగ్గర ఆగి రోడ్డు దాటే పని ఉండదు. మూడు చుట్లు వేస్తే హాఫ్ మారథాన్‌కి (21 కిలోమీటర్ల పరుగు) సిద్ధమయ్యే వాళ్లకు కావలసిన దూరం వచ్చేస్తుంది. ఎక్కుడు దిగుడులు కూడా ఉన్నాయి. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో ఫ్లైఓవర్లు ఎక్కాల్సిన వాళ్లకు ఆ సాధన బాగా అక్కరకొస్తుంది. చుట్టు చుట్టుకీ కారు దగ్గరికే తిరిగొస్తాం కాబట్టి నీళ్ల బాటిల్ చేత్తో మోయక్కర్లేదు.

చిక్కల్లా గాలితోనే. కంచెకు అటు అడవి ఉన్నా ఇటు జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్, క్యాన్సర్ హాస్పిటల్, ఫిల్మ్‌నగర్ వైపు జంక్షన్లు. సిగ్నల్ పడి బండ్లు వరసగా ఆగినచోట ఆ పొగంతా మనమే పీల్చాలి. పరుగులో ఊపిరి మామూలుగా కూర్చున్నప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా లోపలికి వెళ్తుంది, అదీ ముక్కుతో కాకుండా నోటితో. పైగా డిసెంబర్, జనవరి నెలల్లో చల్లటి గాలి నేల దగ్గరే ఆగిపోయి పొగను పైకి పోనివ్వదు. అందుకే తెల్లవారుజామున గాలి శుభ్రంగా ఉంటుందన్న మన నమ్మకం చలికాలంలో రోడ్డు పక్కన పని చేయదు. బండ్లు పెరగకముందే పరుగు ముగించాలంటే బాగా ముందే మొదలుపెట్టాలి. కానీ ఆ చీకట్లో ఒంటరిగా వెళ్లమని, ముఖ్యంగా ఆడవాళ్లకు, నేను చెప్పను. ఈ వాక్‌వే మీద దాడి చేసి ఫోన్ లాక్కెళ్లిన ఘటన పత్రికల్లో వచ్చింది. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. ఇంకో మాట: ఈ జంక్షన్లలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌ల ప్రతిపాదనలూ, చెట్లు కొట్టొద్దని నగరవాసుల నిరసనలూ 2016 నుంచి నడుస్తున్నాయి. పని మొదలైనచోట బాట తెగుతుంది, చూసుకుని బయల్దేరాలి.

కంచె దాటి లోపలికి వెళ్తే మరో లోకం. కాసు బ్రహ్మానందరెడ్డి పేరుతో 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించిన అడవి ఇది, 350 ఎకరాల దాకా ఉంటుంది. చిరాన్ ప్యాలెస్, మోర్ బంగ్లా, గోల్ బంగ్లా ఈ చెట్ల మధ్యే ఉన్నాయి. నెమళ్లు బాట దాటుతుంటే ఆగాల్సింది మనమే. నేల మెత్తన, నీడ ఉంది, బండ్ల మోత వినపడదు. మరి ఎందుకు దీన్నే మొదటి స్థానంలో పెట్టలేదంటే, ఇది వాకర్ల పార్కు. ముగ్గురు నలుగురు పక్కపక్కన నడుస్తూ కబుర్లాడుకుంటారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఆ పార్కును ఇన్నేళ్లు కాపాడుకుంటూ వచ్చిందీ వాళ్లే. కానీ ప్రతి వంద మీటర్లకూ "అంకుల్, కొంచెం సైడ్" అనుకుంటూ వెళ్లే పరుగులో పేస్, అంటే పరుగు వేగం, నిలవదు. మెల్లగా పరుగెత్తే రోజు అదే మంచిది కూడా. కొత్తగా మొదలుపెట్టిన వాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు తొలిరోజుల్లోనే వేగంగా పోవడం. ఈ రద్దీలో ఆ వేగం దానంతటదే తగ్గుతుంది. వేళల గొడవ మరొకటి: పొద్దున కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరుస్తారు, మధ్యలో మూసేస్తారు. షిఫ్ట్ ఉద్యోగాల వాళ్లకు ఇది కుదరదు.

ఇక కొత్తగూడ. కోట్ల విజయభాస్కరరెడ్డి పేరు పెట్టిన ఈ గార్డెన్ నిజానికి రిజర్వ్ ఫారెస్ట్‌లో భాగం, 270 ఎకరాలకు పైనే. కొండాపూర్, హఫీజ్‌పేట, మాదాపూర్ వైపు ఉండేవాళ్లకు చాలా దగ్గర. పెద్ద పెద్ద రాతిగుండ్లు, చిన్న చెరువులు, ఔషధ మొక్కల వనాలు, వెదురు పొదలు. దారులు చీలుతూ కలుస్తూ ఉంటాయి కాబట్టి రోజూ ఒకే చుట్టు తిరిగామన్న విసుగు రాదు. ఒకరోజు ఎత్తులున్న వైపు, మరుసటి రోజు చదునుగా ఉన్న వైపు వెళ్లొచ్చు. జనం ఉన్నా విడిపోతారు, పరుగుకు చోటు దొరుకుతుంది.

నేల గురించి కాస్త వివరంగా చెప్పాలి, నా తీర్పుకు అసలు కారణం అదే. మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి మోకాళ్లకు మంచిదని అందరూ అంటారు. అది సగం నిజమే. నేల గట్టిదైతే మన కాలు కాస్త వదులవుతుంది, మెత్తనిదైతే కాస్త బిగుస్తుంది. శరీరం ఆ లెక్క దానంతటదే సరిచూసుకుంటుంది. మట్టి బాట ఇచ్చే అసలు లాభం వేరు: ఏ రెండు అడుగులూ ఒకేలా పడవు. ఒకచోట వేరు, ఒకచోట రాయి, ఒకచోట గుంట. అందువల్ల భారం ఒకే కీలు మీద, ఒకే కండరం మీద వేలసార్లు పడకుండా పంచుకుపోతుంది. చీలమండ చుట్టూ ఉన్న చిన్న కండరాలకు పని తగులుతుంది. పేవర్ బ్లాక్స్ మీద కిలోమీటర్లకు కిలోమీటర్లు పోతే ఆ భారమంతా ఒకేచోట పడుతుంది.

అయితే మన మొరం సంగతి తెలియకుండా దిగితే ప్రమాదమే. గ్రానైట్ రాయి చిట్లి అయిన ఎర్ర మొరం పైన పప్పుబద్దలంత చిన్న రాళ్లు పరుచుకుని ఉంటాయి. ఎక్కేటప్పుడు ఏమీ కాదు. దిగేటప్పుడు కాలు ముందుకు చాచి మడమ మోపితే ఆ రాళ్లు షూ కింద దొర్లుతాయి, మనిషి వెల్లకిలా పడతాడు. అడుగులు చిన్నవిగా, గబగబా వేస్తూ, పాదం నడుము కిందకే పడేలా చూసుకుంటే జారదు. వానాకాలంలో ఈ నేల త్వరగానే ఆరుతుంది, కానీ బండల మీద పాకుడు మాత్రం ఆరదు. ఆకులు కప్పిన చోట కాలు పెట్టేముందు చూసుకోండి. జెర్రిపోతే కావచ్చు, రక్తపింజర కూడా కావచ్చు.

నీడ విషయంలో చాలామంది ఊహించనిది ఒకటుంది. ఇవి ఆకు రాల్చే అడవులు. ఎండలు ముదిరి నీడ బాగా కావలసిన రోజుల్లోనే అడవి చెట్లు చాలావరకు బోసిగా నిలబడతాయి. కాబట్టి వేసవిలో ఎనిమిది దాటాక బొటానికల్ గార్డెన్ కూడా మనల్ని కాపాడలేదు. ఆ నెలల్లో ఏడుకల్లా ముగించడం ఒక్కటే దారి.

గార్డెన్ లోపాలు కూడా చెప్పాలి. ఆదివారం పొద్దెక్కితే పిల్లలతో కుటుంబాలు వస్తాయి, అప్పుడు పరుగుకు తగదు. మెలికలు తిరిగే దారుల్లో, చెట్ల కింద జీపీఎస్ వాచీ దూరాన్ని తప్పు చూపిస్తుంది. పేస్ లెక్కలు పక్కాగా కావాలంటే ఆ రోజు స్టేడియం ట్రాక్‌కి వెళ్లడమే మంచిది. దారులు తెలిసేదాకా ఒక్కరే లోలోపలికి పోవద్దు.

చిలుకూరు మృగవని, వనస్థలిపురం హరిణ వనస్థలి గురించీ అడుగుతుంటారు. రెండూ జంతువుల కోసం ఉన్నవి. హరిణ వనస్థలి ఉన్నదే కృష్ణజింకల కోసం. వాటి మధ్య గుంపులుగా పరుగులు పెట్టడం నాకు ఇష్టం లేదు. సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ అందమైన దారే, కానీ బయటివాళ్లకు ప్రవేశం వాళ్ల అనుమతి మీద ఉంటుంది కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

రోజూ వెళ్లేవాళ్లు టికెట్ బదులు పాస్ తీసుకోండి, ఖర్చు తగ్గుతుంది. లోపల స్పీకర్ పెట్టి పాటలు వినొద్దు. మట్టి బాట మీద టైల్స్ పరచాలని ఎవరైనా అర్జీ తెచ్చి సంతకం అడిగితే పెట్టకండి. వాన నీళ్లు ఇంకే నేల అది, పక్కనున్న చెట్ల వేళ్లు ఊపిరి తీసుకునేదీ దాంట్లోంచే. నడవడానికి ఇబ్బంది పడే పెద్దవాళ్ల కోసం గేటు దగ్గర కొంత దూరం టైల్స్ ఉంటే చాలు, మిగతాదంతా మట్టిగానే ఉంచమని ఆ అర్జీ కిందే రాసివ్వండి.