సాక్ష్యమా, కథా, రంగుల పూసలా? కెన్యా వెళ్ళే జట్టుకు ఏది మేలు

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే సంఘాల్లోని యూత్ నుంచి ఈ ప్రశ్న తప్పదు: "పది రోజులు కెన్యా వెళ్తున్నాం బ్రదర్, అక్కడ సువార్త ఎలా చెప్పాలి?" టికెట్లు, ఎల్లో ఫీవర్ టీకా, పిలిచిన సంఘం, తర్జుమా చేసే మనిషి, అన్నీ కుదిరాయనే అనుకుందాం. బ్యాగులో ఏం పెట్టుకోవాలన్నదే మిగిలింది. జట్లు ఎక్కువగా పట్టుకెళ్ళేవి మూడు. ఒకటి సొంత సాక్ష్యం, అంటే యేసు తన బ్రతుకులో ఏం చేశాడో తానే చెప్పడం. రెండోది రంగుల పుస్తకం, లేదంటే అవే రంగుల పూసలు గుచ్చిన బ్రేస్‌లెట్. మూడోది బైబిల్ కథను నోటితో చెప్పడం.

మన జట్లు వెళ్ళే చోట్లలో ఒకటైన పశ్చిమ కెన్యానే, అందులోనూ విక్టోరియా సరస్సు ఒడ్డున కిసుము వైపునే లెక్కలోకి తీసుకుందాం. అక్కడ బడిలో ఇంగ్లీషు, పట్నంలో స్వాహిలి, చుట్టుపక్కల ఊళ్ళలో ధోలువో నడుస్తాయి. 2019 జనాభా లెక్కల్లో ఆ దేశంలో నూటికి 85 మంది క్రైస్తవులమనే రాయించుకున్నారు. యేసు పేరు వినని చోటికి పోతున్నామన్న ఊహతో దిగితే, బైక్ టాక్సీ నడిపే కుర్రాడే "బ్వానా అసిఫివే", అంటే ప్రభువుకు స్తోత్రం, అని మనకంటే ముందే పలకరిస్తాడు. అక్కడ లోటు పేరు తెలియకపోవడం కాదు. ఆ పేరుకీ బ్రతుక్కీ మధ్య ఉన్న దూరం. అందుకే "నమ్మినవాళ్ళు చేతులెత్తండి" అని లెక్కపెట్టి ఫొటో తీసి పంపే అలవాటు అక్కడ దేనికీ కొలత కాదు. పోయినసారి వచ్చిన జట్టుకు ఎత్తిన చేతులే ఈసారీ లేస్తాయి.

ఈ మూడింటినీ నేను ఒక్క తూకంలో వేస్తాను. తర్జుమా చేసే మనిషి నోట్లోంచి బయటికొచ్చాక ఎంత మిగులుతుంది? మనం విమానం ఎక్కాక విన్నవాళ్ళు దాన్ని ఇంకొకరికి చెప్పగలరా? మిగతావన్నీ దీని తరవాతే.

తర్జుమా లెక్క చాలామంది వేసుకోరు. అక్కడి అయ్యగారు, అంటే సంఘం పాస్టరు, మీకు ఇరవై నిమిషాలిచ్చారంటే మీకు దక్కేవి పది. తెలుగులో మాట్లాడితే మీ జట్టులో ఒకరు ఇంగ్లీషులో, అక్కడి వారు ధోలువోలో చెప్పాలి. అప్పుడు ఆరు నిమిషాలు దాటవు. పైగా తెలుగులో క్రియ చివర్న వస్తుంది. "మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే, మన కోసం, ఏ అర్హతా చూడకుండా..." అని మీరు ఆగితే, ఇంగ్లీషులో చెప్పాల్సినవారికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. సగం మాటలు పట్టుకుని ఊహించి ముగించేస్తారు. అందుకని ఎనిమిది, పది మాటల్లో వాక్యం ముగించి, క్రియ చెప్పేశాకే ఆగాలి. పిట్టకథలు, ప్రాసలు, శ్లేషలు, "ఆమేన్ అనండి" అంటూ ఊపేసే మాటలు ఇంటి దగ్గరే వదిలెయ్యండి. ఇన్నేళ్ళూ వాటితోనే నిలబడిన ప్రసంగీకుడికి ఇది కష్టంగానే ఉంటుంది.

ఈ తూకంలో రంగుల పుస్తకం మొదట బాగానే నిలబడుతుంది. అక్షరాలు లేవు, ఐదు రంగులు, మూడు నిమిషాల్లో అయిపోతుంది, పిల్లలు మరిచిపోరు. చరిత్రా చిన్నది కాదు. 1866లో లండన్‌లో స్పర్జన్ అనే బోధకుడు చేసిన ప్రసంగంలో ఇది మూడు రంగులే: నలుపు, ఎరుపు, తెలుపు. 1875లో అమెరికా సువార్తికుడు మూడీ బంగారు రంగు చేర్చాడు. ఆకుపచ్చ ఆ తరవాత వచ్చింది. నలుపు పాపం, ఎరుపు రక్తం, తెలుపు కడిగిన హృదయం, బంగారం పరలోకం, పచ్చ ఎదుగుదల. మన వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) పిల్లలు నిద్రలో లేపినా చెప్తారు.

చిక్కు మొదటి పేజీలోనే ఉంది. నల్లని ఒంటి రంగున్న పిల్లల ముందు నల్ల కాగితం ఎత్తి "ఇది పాపం, ఇది మురికి" అంటే వాళ్ళకి ఏం వినిపిస్తుంది? తరవాత తెల్ల పేజీ ఎత్తి "యేసు ఇలా చేస్తాడు" అంటే? చెప్పేవాడి మనసులో అది లేకపోవచ్చు, కానీ బొమ్మ పని బొమ్మ చేస్తుంది. ఈ పుస్తకాన్ని వాడే సంస్థలు కూడా నల్ల పేజీని ఇప్పుడు చీకటి పేజీ అంటున్నాయంటే కారణం ఇదే. కెన్యాలో ఇంకో మెలిక. ఆ దేశపు జెండాలో ఉన్నవి దాదాపు ఇవే రంగులు. నలుపు కెన్యా ప్రజలు, ఎరుపు స్వాతంత్ర్యం కోసం చిందిన రక్తం, పచ్చ నేల, సన్నని తెల్ల గీతలు శాంతి. బళ్ళో నేర్చుకున్న అర్థం అది. మన జట్టు వచ్చి నలుపంటే పాపం అంటుంది. ఏది గుర్తుండాలి?

సరిదిద్దుకునే దారి ఉంది. మొదటి పేజీ ఎత్తినప్పుడు రంగు పేరే ఎత్తకుండా, "దీపం లేని గదిలో ఉన్నట్టు దేవుడికి దూరంగా ఉన్నాం" అని మొదలుపెట్టి, తెల్ల పేజీ దగ్గర వెలుతురు గురించి మాట్లాడాలి. పూసలైతే నలుపు బదులు ముదురు నీలం గుచ్చినా పని జరుగుతుంది. కానీ పూసలతో మరో తంటా ఉంది. చేతికి కట్టే వస్తువు, దాంతోపాటు చాక్లెట్లు పంచితే పిల్లలు వస్తువు కోసం వస్తారు. మరుసటి ఆదివారం అక్కడి సండే స్కూల్ టీచరమ్మ ఒట్టి చేతుల్తో నిలబడితే ఎవరూ రారు. పదిరోజుల జట్టు పోతూ పోతూ ఆవిడ పని కష్టం చేసి పోయినట్టే. పూసలు ఇవ్వాలనుకుంటే పిల్లల చేతికి కాదు, గుచ్చడం నేర్పి సామాను మొత్తం టీచరమ్మ చేతికే ఇవ్వండి.

సాక్ష్యం సంగతి వేరు. తూర్పు ఆఫ్రికాకి సాక్ష్యం కొత్త కాదు. 1930ల్లో రువాండా, ఉగాండాల నుంచి పాకిన ఉజ్జీవం, అంటే విశ్వాసం మళ్ళీ రగిలిన ఉద్యమం, నిలబడిందే దానిమీద. పాపం దాచకుండా నలుగురిలో లేచి ఒప్పుకోవడం, యేసు ఏం చేశాడో చెప్పడం దాని పద్ధతి. కాబట్టి ఎవరైనా లేచి "నా బ్రతుకులో ఇలా జరిగింది" అంటే చెవులు రిక్కిస్తారు. హైస్కూలు పిల్లలకీ, కాలేజీ వాళ్ళకీ ఇది కథ కంటే బాగా తగులుతుంది. వాళ్ళు బళ్ళో క్రైస్తవ మతబోధ అనే సబ్జెక్టు చదివి పరీక్ష రాస్తారు. తప్పిపోయిన కుమారుడి కథ మీరు మొదలుపెట్టేలోపు వాళ్ళు ముగించేస్తారు. పైగా ఇంగ్లీషు అర్థమవుతుంది, అక్కడ తర్జుమా గొడవ తక్కువ.

అయితే మన సాక్ష్యాల్లో సగం అక్కడికి పనికిరావు. ఒకటి, భాష. "రక్తంలో కడగబడి, పాత బ్రతుకు విడిచి, అభిషేకం పొందాను" అన్న వాక్యం అక్కడ కూడా రోజూ వినేదే. కొత్తగా ఏమీ చెప్పదు. దాని బదులు: "నాన్న పోయాక ఆస్తి దగ్గర అన్నయ్యతో గొడవైంది. మూడేళ్ళు మాట్లాడలేదు. యేసు నన్ను క్షమించాడని నమ్మాక, నేనే వాళ్ళింటికి వెళ్ళాను." ఇది ధోలువోలోకి పోయినా చెక్కు చెదరదు. నేల పంపకాల గొడవలు అక్కడా ఉన్నాయి.

రెండోది అంతకంటే పెద్దది. "ప్రార్థన చేశాను, వీసా వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇల్లు కట్టాం" అనే సాక్ష్యం మన దగ్గర స్తోత్రాలు తెచ్చిపెడుతుంది. చదువుకుని పని దొరకని కుర్రాళ్ళ మధ్య అదే మాట అంటే, యేసు అంటే వీసా ఇప్పించేవాడని వినిపిస్తుంది. దానికి తోడు కిసుములో భారతీయుడంటే తరతరాలుగా దుకాణాలు, వ్యాపారాలు నడిపే వర్గం. కెన్యా ప్రభుత్వం 2017లో వాళ్ళని దేశపు 44వ తెగగా గుర్తించింది కూడా. మన ముఖం చూడగానే డబ్బున్నవాళ్ళనే లెక్క ముందే పడిపోయి ఉంటుంది. ఆస్తి కలిసొచ్చిన సాక్ష్యం ఆ లెక్కకి ముద్ర వేస్తుంది. కూడిక ముగిశాక స్కూలు ఫీజుల కాగితాలు పట్టుకుని నలుగురు వచ్చారంటే తప్పు వాళ్ళది కాదు.

రాసుకునే తీరు: ఫుల్‌స్కేప్ కాగితానికి ఒక వైపే. ముందు ఎలా ఉండేది, ఏం జరిగింది, ఇప్పుడు ఏం మారింది, ఇంకా ఏం మారాల్సి ఉంది. ఈ నాలుగోదాన్ని వదిలేస్తే అది ప్రకటన బోర్డులా ఉంటుంది. వదిలొచ్చిన మతాన్ని తిట్టడం వద్దు. వినేవాళ్ళకి అది తెలియదు, వివరించబోతే మీ ఆరు నిమిషాలూ అక్కడే అయిపోతాయి. కాగితం ముందురోజే తర్జుమా చేసేవారికివ్వండి.

ఇన్ని చేసినా సాక్ష్యానికి ఒక హద్దుంది. అది మీది. విన్నవాళ్ళు దాన్ని ఇంకొకరికి చెప్తే "ఇండియా నుంచి ఒకాయన వచ్చాడు, అన్నయ్యతో రాజీపడ్డాడట" అవుతుంది. అక్కడే నాకు కథ వైపు మొగ్గు.

విక్టోరియా సరస్సు ఒడ్డున బెస్తవాళ్ళు ఒమెనా అనే చిన్న చేపల కోసం రాత్రుళ్ళు పడవల్లో దీపాలు వెలిగించుకుని వేటకి పోతారు. దీపపు వెలుగుకి చేపలు చేరితే వల వేస్తారు. ఉన్నట్టుండి లేచే గాలివానలకి పడవలు తిరగబడి మనుషులు పోవడం అక్కడ అందరికీ తెలిసిన సంగతి. ఆ ఒడ్డున కూచుని మార్కు 4:35-41, యేసు తుఫానును ఆపిన కథ, చెప్పడానికి బొమ్మ అక్కర్లేదు, పూస అక్కర్లేదు. రాత్రంతా వల వేసి ఒక్క చేపా పడని లూకా 5:1-11 కూడా అంతే. పడవ వెనక భాగంలో నిద్రపోయినాయన లేచి గాలిని గద్దిస్తే, శిష్యులు గాలికంటే ఆయనకే ఎక్కువ భయపడ్డారు చూడండి, ఆ ముక్క మన దగ్గర ప్రసంగాల్లో జారిపోతుంది. అక్కడ జారదు.

పద్ధతి ఇది. భాగం ఏడు నుంచి పన్నెండు వచనాలు దాటకూడదు. తప్పిపోయిన కుమారుడిది 22 వచనాలు, మొదటి ప్రయత్నానికి వద్దు. పుస్తకం తెరిచి మూడుసార్లు గట్టిగా చదివి, మూసి, చెప్పి చూసుకోండి. లేనిది కలపకండి, ఉన్నది మింగకండి. మన పాత తెలుగు బైబిలు భాషలో బట్టీ పెట్టొద్దు, ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పండి, తర్జుమా చేసేవారికి సగం భారం తగ్గుతుంది. కూడికలో ముందు అక్కడి వారెవరి చేతనైనా ధోలువో బైబిల్లోంచి ఆ భాగం చదివించండి. తరవాత మీరు చెప్పండి. తరవాత, ఇదే ముఖ్యం, కూర్చున్నవాళ్ళలో ఒకరిని తిరిగి చెప్పమనండి. తప్పితే పక్కవాళ్ళే అందిస్తారు. ఆ తరవాతే ప్రశ్నలు: ఇందులో మీకు నచ్చిందేంటి? కష్టంగా అనిపించిందేంటి? యేసు ఎలాంటివాడని తెలుస్తోంది? ఈ వారం దీని ప్రకారం ఏం చేస్తారు? ఇంట్లో ఎవరికి చెప్తారు?

చెడేది ఎక్కువగా రెండు చోట్ల. చెప్పేవాడు మధ్యలో ఆగి "పడవ అంటే సంఘం, తుఫాను అంటే శోధన" అని ప్రసంగం మొదలుపెడతాడు. కథ అక్కడికి చచ్చిపోతుంది, తిరిగి చెప్పమంటే ఎవరికీ రాదు. లేదా తర్జుమా చేసేవారు మీ రెండు వాక్యాలకి తన పది వాక్యాలు కలుపుతారు. దాన్ని అందరిముందు ఆపకండి, ముందురోజే కూచుని "మీకు ఏమైనా చెప్పాలనిపిస్తే ప్రశ్నల దగ్గర చెప్పండి బ్రదర్" అనండి. ప్రశ్నలకి నిమిషం మౌనం వచ్చినా జవాబు మీరే చెప్పెయ్యకండి. మనకి మౌనం భరించడం రాదు.

కాబట్టి సర్దుకోవడం ఇలా: ఒడ్డునా, ఇళ్ళల్లోనా కథ. హైస్కూల్లో సాక్ష్యం, దానికి తోడు ఒక చిన్న భాగం. చిన్నపిల్లల దగ్గరైనా ముందు కథే, రంగుల పుస్తకం టీచరమ్మ అడిగితేనే, అదీ చీకటి పేజీ పద్ధతిలో. జట్టులో ఆరుగురుంటే ఒక్కొక్కరు రెండు భాగాలు నేర్చుకోండి. పన్నెండు భాగాలు పది రోజులకి చాలా ఎక్కువే.

ఇదంతా కెన్యాకి. నేపాల్‌కి వీసా లేకుండా పోవచ్చు కదా అని ఇదే సంచీ సర్దుకుని వెళ్ళకండి. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న అక్కడి శిక్షాస్మృతి మతమార్పిడికి ఐదేళ్ళ వరకు జైలు, జరిమానా అంటుంది, విదేశీయుడైతే శిక్ష తరవాత దేశం నుంచి పంపించేస్తారు. మీరు తిరిగొచ్చేస్తారు, కేసు మిమ్మల్ని పిలిచిన సంఘం మెడకి చుట్టుకుంటుంది. అక్కడ విశ్వాసుల కూడికలో వారు అడిగినంతే మాట్లాడండి.

సినిమా ప్రదర్శన, కరపత్రాలు అడిగేవాళ్ళూ ఉన్నారు. లూకా సువార్త మీద 1979లో తీసిన సినిమా ఉంది, ధోలువో డబ్బింగ్ కూడా దొరుకుతుంది. కానీ రెండు గంటలు నడుస్తుంది, జనరేటరు, తెర, చీకటిపడ్డాక జనాన్ని ఇళ్ళకి చేర్చే ఏర్పాటు కావాలి, ఇవన్నీ అక్కడి సంఘమే చూసుకోగలిగితేనే పెట్టుకోండి. కరపత్రాలు ఇక్కడ అచ్చేయించి విమానంలో మొయ్యడం దండగ. నైరోబీలో కెన్యా బైబిల్ సొసైటీ ఉంది, దిగగానే అక్కడ స్వాహిలి, ధోలువో బైబిళ్ళు కొని అయ్యగారి చేతికివ్వండి, ఎవరికివ్వాలో ఆయనకి తెలుసు.