తిథి చూసుకుని తీరపక్షుల వెంట: మంగళాజోడి, కాకినాడ, జామ్‌నగర్

ఈ చలికాలంలో మూడు విడతలుగా, మొత్తం పదకొండు రోజులు తీరపక్షుల ఫొటోల కోసం తిరిగాను. డిసెంబరులో ఒడిశాలోని మంగళాజోడి, జనవరిలో కాకినాడ, ఫిబ్రవరిలో గుజరాత్‌లోని జామ్‌నగర్ చూశాను. మూడింటికీ హైదరాబాద్ నుంచే బయలుదేరాను. పదకొండు రోజుల్లో దాచుకోదగిన ఫొటోలన్నీ కలిపి ఏడెనిమిది గంటల్లో తీసినవే. మంగళాజోడిని పక్కన పెడితే, మిగిలిన రెండు చోట్లా ఆ గంటలను నిర్ణయించింది సముద్రపు పోటుపాట్లే. అందువల్ల ఈ ప్రయాణాలకు ముందు చూడవలసింది పంచాంగం. గది, బండి, పడవ అన్నీ ఆ తరువాతే.

పాటు తీసినప్పుడు బురద నేల కిలోమీటర్ల మేర బయటపడుతుంది. పక్షులు పురుగులు, గుల్లలు, పీతలు ఏరుకుంటూ ఆ మేరకంతా చెదిరిపోతాయి. ఎంత పెద్ద లెన్సు పట్టుకుని వెళ్ళినా అప్పుడు దొరికేవి చుక్కలే. పోటు ఎక్కేకొద్దీ వాటి మేతనేల కుంచించుకుపోయి, చివరికి ఒక సన్నటి బురద పట్టీ మీదకో ఇసుక మేట మీదకో అన్నీ చేరతాయి. ఆ పట్టీ ఎక్కడ మిగులుతుందో ముందే తెలుసుకుని, అవి రాకముందే వెళ్ళి కదలకుండా కూర్చున్నవారికి పక్షులు వాటంతటవే దగ్గరకు వస్తాయి. అమావాస్యకు, పున్నమికి పోటు బలంగా ఉంటుంది. అష్టమి, నవమి రోజుల్లో మందంగా ఉంటుంది. కాకినాడలో పున్నమి రోజుల్లో ఉదయం తొమ్మిది ప్రాంతంలో నిండు పోటు వస్తుంది కనుక, తెల్లవారినప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకా మంచి వెలుతురూ, ఎక్కుతున్న పోటూ ఒకేసారి కలిసివస్తాయి. నా మొదటి కాకినాడ ప్రయాణం, రెండేళ్ళ క్రితం, సరిగ్గా అష్టమినాడు జరిగింది. మూడు రోజులుండి ఒక్క ఫొటో కూడా దాచుకోలేదు.

ఈసారి పున్నమికి ముందురోజు సామర్లకోటలో దిగాను. అక్కడి నుంచి కాకినాడ 15 కిలోమీటర్లే, ఆటోలకూ బస్సులకూ కొదవలేదు. కాకినాడ అనగానే అందరూ కోరంగి అభయారణ్యంలోని చెక్కబాటను చెబుతారు. 1978లో ప్రకటించిన ఈ అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవుల మధ్య ఆ బాట మీద నడవడం పిల్లలతో వచ్చినవారికి ఎంతో బాగుంటుంది. అయితే మనం వెదికే పక్షులు ఉండేది అక్కడ కాదు, బయట అఖాతం వైపు తెరుచుకున్న బురద మేటల మీద. కుంభాభిషేకం రేవు దగ్గరి బురద మైదానమూ, హోప్ ఐలాండ్ అని పిలిచే పొడవాటి ఇసుక దిబ్బ చివరలూ ముఖ్యమైనవి. అభయారణ్యం పరిధిలోకి వెళ్ళాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. సెలవు రోజు చూసుకోకుండా వెళ్తే ఒక పూట వృథా అవుతుంది కనుక, ఆ పని ముందురోజే ముగించుకోవడం మంచిది.

పడవ విషయంలో మాత్రం ఒక బాధ చెప్పుకోవాలి. మొదటిరోజు సందర్శకులను తిప్పే ఒక పెద్ద మోటారు పడవ మాట్లాడుకున్నాను. కుర్చీలు, నీడ, లైఫ్ జాకెట్లు అన్నీ పద్ధతిగా ఉన్నాయి. అయితే ఇసుక మేట మీద సుమారు ఇరవై ఇండియన్ స్కిమ్మర్లు కనిపించగానే, నాకు దగ్గరగా చూపించాలనే ఉత్సాహంతో ఆ అబ్బాయి ఇంజను హోరుతో నేరుగా వాటి మీదకు తీసుకువెళ్ళాడు. క్షణంలో అన్నీ లేచిపోయాయి. ప్రపంచం మొత్తం మీద ఎదిగినవి మూడు వేలకు లోపే ఉన్నాయని అంచనా వేస్తున్న పక్షులవి. చంబల్, మహానది వంటి నదుల ఇసుక తిన్నెల మీద గుడ్లు పెట్టి, చలికాలానికి ఈ తీరానికి వస్తాయి. పోటు వేళ అవి విశ్రాంతి తీసుకునే చోటే అంతంత మాత్రం. అక్కడి నుంచి లేపితే వాటికి వెళ్ళడానికి మరో చోటు ఉండకపోవచ్చు. ఆ పూట నేను కెమెరా పైకి ఎత్తనే లేదు.

రెండోరోజు ఒక చేపల వేటగాని చిన్న ఫైబర్ నావ మాట్లాడుకున్నాను. నీడ లేదు, కూర్చోవడానికి అడ్డంగా వేసిన పలక తప్ప ఏమీ లేదు. లైఫ్ జాకెట్ మాత్రం అడిగితే ఎక్కడి నుంచో తెచ్చి ఇచ్చాడు. అడగకుండా ఎవరూ ఎక్కకూడదు. మేటకు ఇంకా రెండు వందల గజాలు ఉండగానే, “ఇంజనాపేత్తానండి, పోటెక్కేకొద్దీ ఆటంతటవే మన కాడికి వత్తాయి” అన్నాడాయన. తరువాత గెడతో నెమ్మదిగా నావను బురద అంచుకు ఆనించి, గెడను దిగ్గొట్టి, దానికే తాడు కట్టేశాడు. గంటంపావు అలాగే ఉన్నాం. ముందు చిన్న ఉల్లంకులు వచ్చాయి, వాటి వెనుక పొడవాటి వంపు ముక్కుల కర్లూలు వచ్చాయి, చివరికి నేను ఎదురుచూస్తున్న గ్రేట్ నాట్‌లు దిగాయి. నలభై దాకా లెక్కపెట్టాను.

పైకి ఇది బూడిద రంగు సాదా పక్షి. పావురం కంటే చిన్నది, ఛాతీ మీద మసి చల్లినట్టు మచ్చలుంటాయి. సైబీరియా ఈశాన్య కొసన గుడ్లు పెడుతుంది. ఆస్ట్రేలియా వైపు వెళ్ళే గుంపులు దారిలో ఆగి కడుపు నింపుకునే దక్షిణ కొరియాలోని సెమాంగుమ్ బురద మైదానానికి అడ్డంగా 33 కిలోమీటర్ల సముద్రపు గోడ 2006లో పూర్తయింది. ఆ తరువాత వీటి సంఖ్య దారుణంగా పడిపోయింది. ఇప్పుడు అంతరించే ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. నావ అంచు మీద బియ్యం నింపిన సంచి వేసి, దాని మీద లెన్సు ఆనించి చూస్తున్నప్పుడు, అన్నిటికంటే దగ్గరగా ఉన్న పక్షి బురదలోకి కళ్ళదాకా ముక్కు దించి, ఒక గుల్లను పైకి లాగి, పగలగొట్టకుండా పెంకుతో సహా మింగింది. గొంతు దగ్గర చిన్న ఉబ్బు కదిలి కిందికి దిగడం స్పష్టంగా కనిపించింది. ఆ గుల్ల దాని పొట్టలోనే నలిగి పొడి అవుతుంది. పన్నెండు ఫ్రేముల్లో ఆ ఉబ్బు కనిపించేవి మూడు. ఈ చలికాలానికి నాకు ఆ మూడూ చాలు.

కాకినాడలో బసకు లోటు లేదు. ఊరి నడుమ ఉన్న మంచి హోటళ్ళలో వేడినీళ్ళు, శుభ్రత బాగానే ఉంటాయి. అయితే నేను దిగిన చోట తెల్లవారుజామున నాలుగున్నరకు కాఫీ ఇస్తామని రాత్రి మాట ఇచ్చి, ఉదయం తలుపు తాళం కూడా తీయలేకపోయారు. మరునాటి నుంచి రేవుకు దగ్గరగా ఉన్న ఒక మామూలు లాడ్జికి మారాను. గది ఇరుకు, దోమలు ఎక్కువ, కానీ ఐదింటికల్లా నావలో ఉండగలిగాను. ఈ పనికి మంచి పరుపు కంటే రేవుకు దగ్గరతనమే ఎక్కువ విలువ చేస్తుంది. తిరిగి వచ్చాక పదింటికి తిన్న పెసరట్టు గురించి ఎంత రాసినా తక్కువే.

మంగళాజోడి గురించి క్లుప్తంగా చెబుతాను. చిలికా సరస్సు ఉత్తర కొసన, భువనేశ్వర్ నుంచి రెండు గంటల దూరంలో ఉన్న ఈ ఊళ్ళో ఒకప్పుడు పక్షులను వేటాడినవారే ఇప్పుడు వాటికి కాపలా కాస్తూ, సందర్శకులకు దారి చూపుతున్నారు. ఇది మంచినీటి తుంగభూమి కనుక పోటుతో పెద్దగా పని లేదు. ఏ తిథినైనా వెళ్ళవచ్చు. వెదురు గెడతో నడిపే నాటు పడవలో దాదాపు నీటి మట్టంలోనే కూర్చుంటాం. నల్లతోక గాడ్‌విట్‌లు వేల సంఖ్యలో, పడవకు పదిహేను అడుగుల దూరంలో కూడా బెదరకుండా మేస్తాయి. గైడ్లకు పక్షుల పేర్లు ఇంగ్లీషులో తప్పు లేకుండా వచ్చు, ఎక్కడ ఆగాలో ఇంకా బాగా తెలుసు. మూడు చోట్లలో సేవల విషయంలో మొదటి మార్కు దీనికే వేస్తాను. ఊరి పక్కనే ఉన్న కుటీరాల్లో బస, అన్నం, పప్పు, చేపల కూర సరళంగా, వేళకు అందాయి. అయితే అరుదైన తీరపక్షి కోసమే వెళ్ళేవారికి ఇక్కడ దొరికేది తక్కువ. కొత్తగా కెమెరా పట్టినవారికి మాత్రం దీనికి మించిన బడి లేదు.

జామ్‌నగర్‌కు వెళ్ళింది ఒకే ఒక్క పక్షి కోసం, అది క్రాబ్ ప్లోవర్. తెలుపు మీద నలుపు, ఆ చిన్న తలకు పొసగనంత దిట్టమైన నల్లటి ముక్కు. ఈ కుటుంబంలో ఇదొక్కటే జాతి. ఇసుకలో బొరియ తవ్వుకుని లోపల ఒకే తెల్లటి గుడ్డు పెట్టే తీరపక్షి మరొకటి లేదు. ప్రపంచం మొత్తం చూస్తే ప్రమాదంలో ఉన్నదేమీ కాదు, కానీ మన దేశంలో దీన్ని నమ్మకంగా చూడగలిగే చోట్లు చాలా కొద్ది. సికింద్రాబాద్ నుంచి రాజ్‌కోట్‌కు నేరుగా రైలుంది. అక్కడి నుంచి రోడ్డు మీద దాదాపు 90 కిలోమీటర్లు.

జామ్‌నగర్ నుంచి నరారా సుమారు గంటన్నర ప్రయాణం. ఇది 1982లో ఏర్పడిన సముద్ర జాతీయ ఉద్యానంలోని భాగం. అనుమతి పత్రం, గుర్తింపు కార్డు లేకుండా లోపలికి పంపరు. కచ్ సింధుశాఖలో పోటుపాట్ల తేడా నాలుగైదు మీటర్లు ఉంటుంది, కాకినాడలో మీటరున్నర కూడా మించదు. కాబట్టి ఇక్కడ తిథి లెక్క తప్పితే జరిగే నష్టం చాలా పెద్దది. పున్నమినాడు ఇక్కడ పాటు ఉదయం ఏడు ప్రాంతంలో ఉంటుంది, పక్షులు తిరిగి ఒడ్డుకు చేరేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. అందుకని ఏకాదశిని ఎంచుకున్నాను. మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో నీరు పూర్తిగా తీసింది. గైడు వెంట పగడపు రాళ్ళ మధ్య మోకాలి లోతు నీళ్ళలో నడిచి, పోటు తిరిగే వేళకు ఒక ఇసుక గట్టు పక్కన బోర్లా పడుకున్నాను. పట్టీ ఉన్న చెప్పులు కాకుండా మడమ దాకా మూసే బూట్లే వేసుకోవాలి, పగడపు రాయి గీసుకుంటే పుండు త్వరగా మానదు. పోటు తిరిగిన తరువాత ఎంతసేపు ఉండవచ్చో గైడు మాటే ఆఖరు మాట. ఆయన లేవమన్నప్పుడు ఎంత మంచి ఫ్రేము ఉన్నా లేవాలి, ఎందుకంటే అక్కడ నీళ్ళు వెనుక నుంచి కూడా చుట్టుముడతాయి.

ఐదున్నరకు పద్నాలుగు క్రాబ్ ప్లోవర్లు వచ్చాయి. వాటిలో ఒక పెద్ద పక్షి పీతను పట్టి, విదిలించి విదిలించి కాళ్ళు ఊడగొడుతుంటే, పక్కనే బూడిద రంగు తల ఉన్న పిల్ల మెడ వంచుకుని దాని వెనుకే తిరుగుతూ అరవసాగింది. ఎగరడం నేర్చి సముద్రం దాటి వచ్చాక కూడా చలికాలం అంతా పిల్లకు తిండి పెట్టే తీరపక్షులు చాలా అరుదు, ఇవి పెడతాయి. కాళ్ళు ఊడిన పీత డొల్లను పెద్ద పక్షి నేల మీద జారవిడిచింది, పిల్ల అందుకుంది. సాయంత్రపు ఎండలో ఆ తెల్లటి ఒళ్ళు కాలిపోయినట్టు రాకుండా ఎక్స్‌పోజరును మూడింట రెండు వంతుల స్టాపు తగ్గించి ఉంచాను. తగ్గించని మొదటి పది ఫొటోల్లో ఈకల గీతలే కనిపించలేదు.

జామ్‌నగర్‌కు 12 కిలోమీటర్ల దూరంలోని ఖిజడియా అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో ఉంది. కట్టకు ఒకవైపు మంచినీరు, మరోవైపు ఉప్పునీరు. నరారాకు పోటు కలిసిరాని పూటలను ఇక్కడ గడపవచ్చు. బస నగరంలోనే పెట్టుకోవడం తప్పదు. బండిని మాత్రం పూటకు కాకుండా రోజుకు మాట్లాడుకోవాలి, పోటు వేళలు రోజూ ముప్పావు గంటకు పైగా జరుగుతూ పోతాయి కదా. దారిలో తినడానికి తేప్లాలనే గుజరాతీ రొట్టెలు కట్టించుకున్నాను, రెండు రోజులు చెడలేదు.

ఖర్చు చూస్తే మూడింటిలో చవకైనది కాకినాడ, ఎక్కువైనది జామ్‌నగర్. కుటుంబంతో వెళ్ళేవారికి మంగళాజోడి, తెలుగు మాటతోనే పనులన్నీ జరగాలనుకునేవారికి కాకినాడ. ఏ చోటనుంచి వచ్చినా ఆ రాత్రే ట్రైపాడ్ కాళ్ళను మంచినీళ్ళతో కడిగి విప్పి ఆరబెట్టాలి, లెన్సును తడిగుడ్డతో తుడిచి తరువాతే పొడిగుడ్డ వాడాలి; ముందే పొడిగుడ్డ వేస్తే ఉప్పు రవ్వలు గాజును గీస్తాయి.

ఏప్రిల్ పున్నమికి మళ్ళీ కాకినాడ వెళ్తున్నాను. ఉత్తరానికి బయలుదేరే ముందు గ్రేట్ నాట్‌ల ఛాతీ నల్లబడి, వీపు మీద ఇటుక రంగు ఈకలు వస్తాయి. అదే లాడ్జిలో గది చెప్పాను, అదే నావ మాట్లాడాను. ఆయన అడిగినదానికి మూడు వందలు ఎక్కువే ఇస్తానన్నాను, ఇంజను మాత్రం మూడు వందల గజాల ముందే ఆపాలి.