ఆటోనగర్‌లో పెట్రోల్ ట్యాప్ ఓ-రింగులు కొనేవాళ్లు జాగ్రత్త

ఆటోనగర్‌లో ఆ రబ్బరు స్పేర్ల షాపు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, పేరు రాయను. బైకు పెట్రోల్ ట్యాప్‌కి ఓ-రింగు (లీకు కాకుండా ఆపే గుండ్రటి రబ్బరు రింగు), పెట్రోల్‌ను తట్టుకునే నైట్రైల్ రబ్బరుదే కావాలని అడిగి మరీ తీసుకున్నాను. "నైట్రైలే బాబూ, గ్యారంటీ" అన్నాడు. వారం తిరక్కుండానే పెట్రోల్ కారి వేడి ఇంజిన్ మీద పడింది. మా పాపను వెనక కూర్చోబెట్టుకుని బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో తిరిగిన బండి అది.

ట్యాప్ విప్పితే రింగు నానిన శనగగింజలా ఉబ్బి, గాడిలోంచి లేచి ఉంది. వేలితో నొక్కినా మళ్లీ కూర్చోలేదు. ఇంతలా ఉబ్బిందంటే చాలావరకు ఈపీడీఎమ్ అనే వేరే రకం రబ్బరే. నీళ్లకు, బ్రేక్ ఆయిల్‌కు అది మంచి రబ్బరు. పెట్రోల్‌కు మాత్రం పనికిరాదు. ఈ రబ్బరూ పెట్రోలూ రెండూ హైడ్రోకార్బన్లే (కార్బన్, హైడ్రోజన్‌లతో అయినవే) కాబట్టి పెట్రోల్ అణువులు పై పొరలో ఇట్టే కలిసిపోయి, పాలిమర్ గొలుసుల (రబ్బరులోని పొడవాటి అణువుల) సందుల్లోంచి లోపలికి చేరతాయి. వల్కనైజ్ చేసినప్పుడు (రబ్బరును గంధకం లాంటివాటితో వేడిచేసి గట్టిపరిచినప్పుడు) గొలుసుల మధ్య పడిన బంధాల వల్ల రబ్బరు కరగదు, ఉబ్బుతుంది. నైట్రైల్‌లో ధ్రువ స్వభావం (అణువులో ఒక వైపు కాస్త ధనావేశం, మరో వైపు ఋణావేశం) ఉన్న ఆక్రిలోనైట్రైల్ ఉంటుంది, పెట్రోల్‌కు ఆ స్వభావం లేదు, అందుకే పెట్రోల్‌ను అంత తేలిగ్గా పీల్చుకోదు.

నాకు కడుపు మండింది షాపులో. మర్నాడు రింగును కాగితంలో చుట్టి తీసుకెళ్లాను. ఈలోపు లోపలున్న పెట్రోల్ వెళ్లిన దారినే బయటికొచ్చి ఆవిరైపోయింది, రింగు దాదాపు పాత సైజుకొచ్చేసింది. అతను దాన్ని కొత్త రింగు పక్కన పెట్టి, అక్కడున్న మెకానిక్కులందరికీ చూపిస్తూ "ఏదీ, ఎక్కడ ఉబ్బింది? కల్తీ పెట్రోల్ కొట్టించుకుని నా సరుకు మీద పడతావేంటి?" అన్నాడు. ఎందుకు తగ్గిందో అతనికి తెలుసు. ఏళ్ల తరబడి రబ్బరు అమ్మే మనిషికి తెలీదంటే నేను నమ్మను. రబ్బరును మెత్తగా ఉంచే నూనెల్ని పెట్రోల్ లాగేయడంతో రింగు గట్టిపడింది, ఒకసారి నొక్కి చూడమన్నాను. ముట్టుకోలేదు. "పక్కకు జరుగు, బేరాలు పోతున్నాయి" అన్నాడు.

రింగు విప్పిన వెంటనే స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి, ఆరితే సాక్ష్యం ఉండదు. బిల్లు మీద రబ్బరు రకం రాయించుకోండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, దానికి నైట్రైల్ కూడా కొంత ఎక్కువగానే ఉబ్బుతుంది. వైటాన్ (పెట్రోల్‌ను ఇంకా బాగా తట్టుకునే రబ్బరు) దొరికితే ధర ఎక్కువైనా అదే తీసుకోండి.